టీ గ్లాసుకు జాగా

మేడం పోయారన్న కబురు నాకు ఒక ఆదివారం పొద్దున కర్నూలులో తెలిసింది. ఒక రైతు తోటలో మోటారు పెట్టె బిగించే పని మీద వెళ్ళి, లాడ్జి గదిలో ల్యాప్‌టాప్ ముందర పెట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగింది. చేసింది మేడం తమ్ముడు. ఆయన నాకు అంతకుముందు ఎప్పుడూ ఫోను చేసింది లేదు.

"అక్క పోయిందప్పా" అన్నాడు. "చర్చికి పోదామని చీర కట్టుకోని, కాఫీ తాగి, కుర్చీలో కూర్చునింది. మళ్ళ లేయలేదు."

 తెర మీద మేడం రాసిన ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది. ఒక్కొక్క ఫైలు పేరూ చెప్పుకుంటూ పోయి, ఎప్పటిలాగే చివర "పని అయింది" అని చూపించి ఆగింది. ఆ రెండు మాటలూ మేడం పెట్టినవే. రోజుకు ఎన్నిసార్లు చూస్తానో లెక్క లేదు. ఆ పూట మాత్రం చూడలేక ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆమెను మేమెవ్వరం పేరు పెట్టి పిలవలేదు, కాబట్టి ఇక్కడా మేడం అనే రాస్తాను. కడప ఊరి బయట మాకొక రేకుల షెడ్డు ఉంది. బోరు మోటార్లకు తగిలించే కంట్రోలు పెట్టెలు అక్కడ తయారు చేస్తాం. బోరులో నీళ్ళు అయిపోతే మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. కాలకముందే పసిగట్టి ఆపడం మా పెట్టె పని. పెట్టె లోపల ఒక చిప్, అందులో సి భాషలో రాసిన ప్రోగ్రామ్. మోటారు రకాన్ని బట్టి ప్రోగ్రామ్ మారుతుంది. ఏ రకానికి ఏ ఫైళ్ళు కలపాలి, వాటిలో ఏవి మారాయి, ఏది ముందు, ఏది తర్వాత అని చూసుకుని, మారినవాటిని మాత్రం చిప్‌కు అర్థమయ్యే రూపంలో మళ్ళీ కట్టిపెట్టే పనిముట్టు ఒకటి కావాలి. అలాంటివి లోకంలో కావలసినన్ని దొరుకుతాయి. మేడం మాత్రం మా పనికి సరిపోయేలా తానే ఒకటి రాసుకున్నారు. దానికి మేస్త్రి అని పేరు పెట్టారు.

మేస్త్రి అన్నాక చేతికింద మనుషులు ఉండాలి కదా. ఆ ప్రోగ్రామ్ నిండా చిన్నచిన్న ఫంక్షన్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్క పనే చేస్తుంది. ఒకటి రెండు పేర్లను కలిపి దారి చెబుతుంది, ఒకటి ఫైలు ఉందో లేదో చూసొస్తుంది, ఒకటి పేరు చివర తోక మారుస్తుంది. మిగతా లోకం వాటిని హెల్పర్లంటుంది, మేడం "నా చేతికింద మనుషులు" అనేవారు. వాటి పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలే. కలుపు, తోకమార్చు, ఉండాదా, మారిందా. పట్నం నుంచి వచ్చిన ఒక ఇంజనీరు 'ఉండాదా' చూసి నవ్వితే మేడం కూడా అతనితో పాటు నవ్వారు.

"నేను అడిగేది అట్లనే గదప్పా. ఇంకో మాదిరి అడిగితే అది యాడ పలుకుతాది?" అన్నారు.

ఇది రాయడానికి గౌరవం ఒక్కటే కారణం కాదు. మేడం పేరు మీద ఒక తప్పు చాలా ఏళ్ళు నిలిచిపోయింది. అది ఆమెది కాదు. ఎవరిదో నాకు తెలుసు. అక్కడికి వస్తాను.

మేడం ఎర్రగుంట్ల పక్కన ఒక పల్లెలో పుట్టారు. నాన్న నాపరాయి గనిలో కూలి. తాతల కాలం నుంచి ఆ ఊరి చర్చి మనుషులు. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో నాన్నతో గనికి వెళ్ళి, బండలు బండికి ఎక్కించే ముందు వేలి కణుపుతో తట్టి చూసే పని చేసేవారట. బండ మంచిదైతే ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. పైకి రెండూ ఒకటే నలుపు, ఒకటే నునుపు. తర్వాత చదువుకుని ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగంలో చేరారు. ఆమె పని పాఠం చెప్పడం కాదు, ల్యాబు తాళాలు తీయడం, మూయడం. సి పాఠం జరుగుతుంటే వెనుక బెంచీలో కూర్చుని విన్నారు. పిల్లలు రాసిన ప్రోగ్రాములు ఎందుకు నడవడం లేదో చూసి చూసి, పాఠం చెప్పినవాళ్ళ కంటే ఎక్కువ నేర్చుకున్నారు. రిటైరయ్యాక మా షెడ్డుకు వచ్చారు.

షెడ్డులో ఆమె బల్ల మీద చెక్కకు బదులు కడప బండ పరిపించుకున్నారు. కంప్యూటర్ ఒక పక్క, సుద్దముక్కల డబ్బా ఒక పక్క. ఏ ఫంక్షనైనా ముందు ఆ బండ మీద సుద్దతో రాయాల్సిందే. ఆమె సంగతి సరే, మేమూ అలాగే రాయాలి. రాసింది ఆ బండ మీద పట్టాలి. పట్టాక కుడిచేతి మూలన ఒక టీ గ్లాసు పెట్టుకునేంత జాగా మిగలాలి. మిగలకపోతే చెరిపేసి, పని రెండుగా విడగొట్టమనేవారు. ఆ మూలన గ్లాసు అడుగు గుండ్రంగా దిగిన మరక ఎన్నిసార్లు తుడిచినా పోయేది కాదు.

నేను చేరిన మొదటి వారం ఇదంతా చూసి లోలోపల నవ్వుకున్నాను. ఇంజనీరింగు పట్టా చేతికొచ్చిన కొత్త. ఒళ్ళంతా తెలివే. పలకా బలపం రోజులకు వచ్చామేమిట్రా అనుకున్నాను.

నాకిచ్చిన మొదటి పని 'కలుపు'ను మళ్ళీ రాయడం. రెండు పేర్లను కలిపి ఒకటి చేయాలి. సి భాషలో మాటకు తన పొడవు తనకు తెలియదు. మనమే కొలిచి, అంత జాగా అడిగి తెచ్చి, అందులో పెట్టాలి. ఆఖరున మాట ఇక్కడితో అయిపోయిందని చెప్పడానికి ఒక సున్నా ఉంటుంది. నేను రెండు పేర్లూ కొలిచి, కూడి, సరిగ్గా అంతే జాగా తెచ్చాను. మేడం వచ్చి, బండ మీద నేను రాసిన ఆ లైను కింద వేలు పెట్టారు.

"ఇంటికి వచ్చినోడికి మంచమేసినావు. వాని చెప్పులకు జాగా వద్దా?"

నాకు అర్థం కాలేదు. ఆమె సుద్ద తీసుకుని చివరన ఒకటి కూడారు. ఆ సున్నాకు కావలసిన ఒక్క జాగా. అది లేకపోతే ప్రోగ్రామ్ పది రోజులు బాగా నడిచి, పదకొండో రోజు ఎవరి జాగాలోనో కాలు పెట్టి కూలిపోతుంది. పుస్తకంలో నేనూ చదివాను, పరీక్షలో రాశాను కూడా. చెప్పులకు జాగా అన్న తర్వాత మాత్రం ఈ రోజు దాకా ఒక్కసారీ మరచిపోలేదు. తెచ్చుకున్న జాగాను పని అయ్యాక తిరిగి ఇచ్చేయడం గురించి చెప్పేటప్పుడు, "పెండ్లికి పక్కింట్లో గుండిగ తెచ్చుకుంటాం. పెండ్లయినాక కడిగి ఇచ్చిరావాల. అది మన ఇంట్లోనే ఉంటే ఇంకో ఇంట్లో పెండ్లి జరగదు" అనేవారు.

రెండో వారం 'ఉండాదా' నా చేతికొచ్చింది. ఫైలో, ఫోల్డరో ఉందో లేదో చూసి, ఉంటే ఒకటి, లేకపోతే సున్నా చెప్పాలి. అయిదారు లైన్ల పని. నేను నా తెలివి కాస్త కలిపాను. ఫోల్డరు లేకపోతే లేదని చెప్పి ఊరుకోవడమెందుకు, అక్కడికక్కడే తయారు చేసేస్తే పోలేదా? రాసి చూపించాను. మేడం చాలాసేపు చూశారు.

"చూసొచ్చేకి పంపిస్తే ఇల్లు కట్టొచ్చినావే" అన్నారు.

"మంచిదే కదా మేడం? ఎలాగూ కావాలి."

"నాకు కావాల. ఇంకోడు అడిగినప్పుడు వానికి వద్దేమో. ఉండాదా అంటే ఉండాది, లేదు. అంతే. అడగని మాట చెప్పేటోన్ని, అడగని పని చేసేటోన్ని నువ్వు మళ్ళా పిలుస్తావా?"

ఆ రోజు మొదటిసారి ఆమె రాసిన ఫైలు మొత్తం కూర్చుని చదివాను. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అబద్ధం కాదు. అంత పెద్ద పని చేసే మేస్త్రిలో ఎక్కడా పెద్ద మాట లేదు. ప్రతి ఫంక్షనూ ఒక్క ప్రశ్న అడుగుతుంది, జవాబు చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటుంది. వాటిని పిలిచే చోట చదివితే మా సీమ మనుషులు ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఉండాదా? ఉండాది. మారిందా? లేదు. అయితే వదిలేయి. అంత నిదానంగా, అంత తేటగా ఒక మనిషి ఆలోచించగలరని నేను అంతవరకు అనుకోలేదు. పక్క బల్ల దగ్గర ఆ మనిషే ముక్కు మీదికి కళ్ళద్దాలు జార్చుకుని అలసందలు ఒలుచుకుంటున్నారు.

రాసిన ప్రతిదాన్నీ తట్టి చూసేవారు. ఆ మాట గనిలోదే. ఫంక్షనుకు ఖాళీ పేరు ఇచ్చి చూస్తారు. అసలేమీ ఇవ్వకుండా చూస్తారు. పేరు మధ్యలో ఖాళీ పెట్టి చూస్తారు, మూరెడు పొడుగు పేరు ఇచ్చి చూస్తారు. నాలుగు మూలలూ, నడిమధ్యన. అన్నిచోట్లా సరిగా పలికితే, పగులు లేదని చెప్పడానికి "పగులు ల్యా" అనేవారు. మేము రాసినదానికి ఆ రెండు ముక్కలు వినడం మాకు జీతం పెరిగినంత సంతోషం.

ఇక 'మారిందా' సంగతి. ఒక ఫైలు కిందటిసారి కట్టినప్పటి నుంచి మారిందో లేదో చెప్పే ఫంక్షను అది. లోకంలో ఎక్కువమంది దీన్ని గడియారాన్ని బట్టి చూస్తారు. రాసిన ఫైలు తేదీ, కట్టిన ఫైలు తేదీ పక్కపక్కన పెట్టి, రాసింది కొత్తదైతే మారినట్టు. మేడం అలా రాయలేదు. ఫైలును మొదటి నుంచి చివరి దాకా చదివి, దాని వేలిముద్ర లాంటి ఒక అంకె తీసి, పాత అంకెతో పోల్చేవారు. దానివల్ల మేస్త్రి కాస్త నెమ్మదిగా నడిచేది. ఎందుకలా రాశారో పైన ఏమీ రాసి లేదు.

మేడం తన తమ్ముడి కూతురి పెండ్లికి సెలవు పెట్టారు. ఆమె లేని ఆ కొద్ది రోజుల్లో నేను మారిందాను మార్చేశాను. తేదీలు పోల్చే రెండు లైన్లు. బండ మీద రాస్తే గ్లాసుకేం, బిందెకే జాగా మిగిలింది. మేస్త్రి చిటికెలో పని ముగించడం మొదలుపెట్టింది. మేడం రాగానే చూపించి మెప్పు పొందాలనుకున్నాను. ఆమె వచ్చేసరికి వేరే పని నెత్తిన పడి, చెప్పడం మరచిపోయాను. చెప్పకుండా చేసిన పనికి మరుపు కూడా తోడైంది.

చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే కంప్యూటర్ మా షెడ్డులో అన్నింటికంటే పాతది. నెట్ లేదు. టైము గుర్తుపెట్టుకునే బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది ఏనాటిదో తేదీకి వెళ్ళిపోయేది. తేదీతో మాకేం పని అని ఎవరూ పట్టించుకోలేదు. మా వైపు కరెంటు సంగతి చెప్పే పని లేదు. ఆ ఎండాకాలం ఒక పొద్దున పోయి వచ్చింది. నేను అదే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ముఖ్యమైన దిద్దుబాటు చేశాను. కరెంటు పోయి రాగానే మా పెట్టె బోరు ఎండిన సంగతి మరచిపోయి మోటారును మళ్ళీ తిప్పేది. అలా మరచిపోకుండా చేసే దిద్దుబాటు అది. సేవ్ చేశాను. ఆ ఫైలుకు ఏళ్ళ కిందటి తేదీ పడింది. మేస్త్రిని నడిపాను. రాసింది పాతది, కట్టింది కొత్తది. నా రెండు లైన్లు మారలేదని చెప్పాయి.

"పని లేదు" అంది మేస్త్రి.

ఇంతకుముందే ఒకసారి నడిపి ఉంటానులే అనుకున్నాను. పెట్టెను బల్ల మీద పెట్టి, నీళ్ళు లేనప్పుడు ఆగుతోందా అని చూశాను. ఆగింది. పాత ప్రోగ్రామ్‌లోనూ అది ఆగేదే. కరెంటు తీసి మళ్ళీ పెట్టి చూడలేదు. నాలుగు మూలల్లో ఒక మూల తట్టకుండా వదిలేశాను. దిద్దుబాటు లేని పన్నెండు పెట్టెలు దిద్దినవన్న పేరుతో ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

అవి వెళ్ళిన మూడో వారంలో వేంపల్లె వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పెద్దాయన. గోతాంలో పెట్టెను మోసుకొచ్చి మేడం బండ మీద పెట్టాడు.

"మీ పెట్టెను నమ్ముకుంటిని తల్లీ. కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటారు ఒట్టిగా తిరిగి కాలిపాయ. చీనీ చెట్లు కాయ మీద ఉండాయి. వారం నీళ్ళు లేకుంటే కాయ రాలుతాది. ఇంకో వారమైతే చెట్టే పోతాది" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నేనూ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న ఇంట్లోనే పుట్టాను. ఎండిన చీనీ చెట్టును నరికేటప్పుడు మా నాన్న మాతో మాట్లాడకపోవడం నాకు గుర్తుంది.

మేడం ఆ మధ్యాహ్నమంతా పెట్టెను, మేస్త్రిని ముందర పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం నలుగురం ఉండగా షెడ్డు యజమాని, మేమంతా ఓనరన్న అని పిలిచే ఆయన, గట్టిగానే అడిగాడు.

"ఎవరు చేసినారు మేడం ఇది?"

"మేస్త్రిది తప్పు" అన్నారు మేడం. "మేస్త్రి నాది."

"మీరు కాదులే. మీ చేతికింద ఎవరో చేసింటారు. పేరు చెప్పండి."

"గోడ వంకర పోతే మేస్త్రి చేతికింద మనిషి పేరు చెప్పడప్పా. గోడ పడగొట్టి మళ్ళా కడతాడు. రేప్పొద్దున బండి ఇయ్యి, పన్నెండు పెట్టెలూ నేనే మార్చొస్తా."

నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాను.  ఓనరన్న ఆ రైతుకు కొత్త మోటారు ఇప్పించాడు.

పొద్దున్నే బండిలో మేడం పక్కన నేనే కూర్చున్నాను. మొదట ఆ వేంపల్లె వైపు తోటకే వెళ్ళాం. మోటారు దించుతున్నంతసేపూ మేడం ఎండలో చీనీ చెట్టు పక్కన నిలబడి, రాలిన పిందెలను ఏరి ఒక చోట పోగు చేస్తున్నారు. ఎందుకు ఏరుతున్నారో అడగలేదు. పైపులోంచి నీళ్ళు దూకి కాలువ పట్టాక, రైతు దోసిలితో ముఖం కడుక్కుని, "తాగు తల్లీ, తియ్యగుంటాయి" అన్నాడు. అప్పుడు మేడం కూర్చున్నారు.

దారిలో నేను చెప్పేశాను. మారిందాను మార్చింది నేనేనని.

"తెలుసు" అన్నారు.

"ఎట్లా తెలుసు మేడం?"

"బ్రాకెట్టు కింది లైనులో పెట్టేది షెడ్డు మొత్తం మీద నువ్వొక్కనివే. గనిలో సుత్తి దెబ్బ చూస్తే ఎవరు కొట్టినారో మా నాయన చెప్తాండె."

 మేడం కిటికీలోంచి బయటకు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడారు.

"నువ్వు రాసింది తప్పు గాదు. గడియారం సరిగ్గా తిరిగే ఊర్లో అది మంచి పనే. ఈడ కరెంటు పోతే కాలం ఎనక్కి పోతాది. అది నాకు తెలుసు. తెలిసి పైన రాయకపోవడం నా తప్పు. ఏం చేస్తాదో ప్రోగ్రామే చెప్తాది నాయనా. ఎందుకు చేస్తాదో మనమే చెప్పాల."

"ఓనరన్నకు నేను చెప్తాను మేడం."

"చెప్పాల్సినప్పుడు నువ్వే చెప్తావులే" అన్నారు.

పన్నెండు పెట్టెలు మార్చడానికి అయిదు రోజులు పట్టింది. ప్రతి తోటలోనూ మేడం రైతుతో "మాది పొరపాటు" అని ముందుగా చెప్పి, తర్వాతే పెట్టె విప్పేవారు. తిరిగొచ్చాక నెల రోజులు కూర్చుని చేతికింద మనుషులందరి నెత్తిన ఒక్కొక్క లైను రాశారు. ఏ పని అని కాదు, ఎందుకు అని. మారిందా పైన ఇప్పటికీ ఉంది: "ఈడ గడియారాన్ని నమ్మొద్దు. ఫైలును చదివి చూడు." ఎవరు నమ్మారో మాత్రం రాయలేదు.

నేను ఓనరన్నకు చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. తర్వాత జీతం పెరిగింది, మేస్త్రి బాధ్యత నాకు ఇచ్చారు. పాతపడిన అబద్ధం నిజం పక్కన కూర్చుని భోంచేస్తుంది. మేడం ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. నేను మరచిపోయానని అనుకున్నారో, చెప్పే రోజు ఇంకా రాలేదని అనుకున్నారో అడిగి తెలుసుకునే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేరు.

మేడం ఊళ్ళో, పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక పెట్టారు. చర్చి పక్కన షామియానా వేశారు. షెడ్డు నుంచి మేమందరం వెళ్ళాం. ప్రార్థన అయ్యాక, మాట్లాడదలచినవాళ్ళు మాట్లాడవచ్చని పాస్టరు గారు అన్నారు. పాలిటెక్నిక్‌లో చదివిన ఒకాయన లేచి, పరీక్ష రోజు మేడం తన కళ్ళద్దాలు ఇచ్చిన సంగతి చెప్పి ఏడ్చాడు. తర్వాత ఓనరన్న లేచాడు.

"నేను మేడమ్‌తో పన్నెండేండ్లు పని చేసినా. ఆయమ్మ చేసిన తప్పు నాకు తెలిసి ఒకటే ఒకటి" అని మొదలుపెట్టాడు. ఆ ఎండాకాలం సంగతంతా చెప్పాడు. పన్నెండు తోటలు, అయిదు రోజులు, ఎండలో నిలబడడం. ప్రేమతోనే చెప్పాడు. "తప్పు చేసినా ఆయమ్మ మాదిరి చేయాల, దిద్దుకుంటే ఆయమ్మ మాదిరి దిద్దుకోవాల" అన్నాడు. జనం తలలూపారు. ముందు వరుసలో మేడం తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు కూర్చున్న కుర్చీ కాలుతున్నట్టయింది. ఇంకాసేపట్లో అందరూ లేచి భోజనాలకు వెళతారు. ఆ తప్పు మేడంతో పాటు ఈ ఊరి మట్టిలో కలిసి, ఆమె సొంతమైపోతుంది. నేను లేచాను. 

"అన్నా, ఆ తప్పు మేడమ్‌ది కాదు" అన్నాను. "నాది."

అన్నీ చెప్పాను. ఆమె పెండ్లికి వెళ్ళినప్పుడు మార్చడం, చెప్పకపోవడం, ఆ సాయంత్రం గోడకు ఆనుకుని నిలబడడం. మారిందా అంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకు తెలియదు. "ఒక బండను తట్టకుండా బండికెక్కించాను. అది పగిలింది. మేడం తాను ఎక్కించినట్టు చెప్పుకున్నారు" అన్నాను. అది అందరికీ అర్థమైంది. గనిలో పనిచేసే ముసలాయన ఒకాయన "ఊఁ" అన్నాడు. ఓనరన్న నా వైపు చూసి కూర్చున్నాడు.

కూడిక అయ్యాక షామియానా వెనుక, రెండు ఇటుకల మీద సమాధి బండ ఉంది. మేడం తమ్ముడు తాను పనిచేసే గని నుంచి తెచ్చిన నల్ల నాపబండ. ఆయన ఒంగి, వేలి కణుపుతో నాలుగు మూలలూ, నడిమధ్యనా తట్టి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"అక్క కాడ పని నేర్చుకున్నోనివి. నువ్వూ తట్టు."

తట్టాను. నాలుగు మూలలూ తట్టాను, ఒక్కటీ వదలలేదు. ప్రతి చోటా ఖంగుమని పలికింది.

"ఏమంటాది?"

"పగులు ల్యా" అన్నాను. 

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, చెక్కేవాడికి గుర్తుగా బండ మీద మేడం పేరు రాశాడు. కింద ఒక వాక్యం కూడా వేయిద్దామని ఎవరో అన్నారు. "వద్దులే, ఎక్కువ రాస్తే అక్క ఒప్పుకోదు" అన్నాడాయన. పేరొక్కటే. నిండుగా, తేటగా ఉంది.

ఓనరన్న వచ్చి నా చేతిలో టీ గ్లాసు పెట్టాడు. "ఇన్నేండ్లు యాడ పెట్టుకున్నావప్పా దీన్ని?" అని మాత్రం అడిగి, జవాబు కోసం చూడకుండా భుజం తట్టి వెళ్ళిపోయాడు. గ్లాసు కాలుతోంది. పట్టుకోలేక, ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాను. అంతా మట్టి.

మేడం తమ్ముడు చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ, బండ కుడిచేతి మూల చూపించాడు.

"ఆడ పెట్టప్పా. జాగా ఉండాది."